చిన్నారుల సీట్లు ఎన్ని పడితే అంత కుటుంబ కారు
రాయలసీమ రహదారులపై భద్రమైన ప్రయాణానికి వాహన ఎంపికలో పాటించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు, కడప ప్రాంతాలలో కుటుంబ ప్రయాణమనగా ఒకరిద్దరి ప్రయాణం కాదు. శ్రీశైలం, మహానంది, అహోబిలం, మంత్రాలయం, యాగంటి, ఒంటిమిట్ట, కడప పెద్దదర్గా వంటి పుణ్యక్షేత్రాలకైనా, బంధువుల ఇండ్లలో పెండ్లిండ్లకైనా తల్లిదండ్రులు, అవ్వాతాతలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి బయలుదేరడం ఇక్కడి ఆచారం. ఒకప్పుడు ఎర్రబస్సులోనో, అద్దె జీపులోనో సాగిన ఈ ప్రయాణాలు నేడు సొంత కారులోకి మారాయి. అయితే కారు కొనే సమయంలో ధర, మైలేజీ, రంగు గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా పిల్లలను ఎక్కడ, ఎట్లా కూర్చోబెట్టాలి అనే విషయంపై జరగడం లేదు. చివరకు చిన్నబిడ్డ తల్లి ఒడిలో, రెండవ బిడ్డ ముందు సీటులో తాత కాళ్లపై, పెద్దబిడ్డ వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణించడం సర్వసాధారణ దృశ్యంగా మారింది.

పిల్లల సంఖ్యకు, వయస్సుకు తగిన భద్రతా సీట్లు అమరే వాహనాన్ని ఎంచుకోవడం సంపన్నుల సౌఖ్యానికి సంబంధించిన అంశం కాదు. అది ప్రాణరక్షణకు సంబంధించిన అంశం. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది.

రహదారులు, వేగం, ప్రమాదం

హైదరాబాద్ - బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, డోన్ మీదుగా సాగుతుంది. పూర్వం 18వ నంబరుగా వ్యవహరింపబడి, ప్రస్తుతం 40వ నంబరు కలిగియున్న జాతీయ రహదారి కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు చేరి, గువ్వలచెరువు ఘాట్ దాటి రాయచోటి వైపు వెళుతుంది. రహదారులు వెడల్పయ్యే కొద్దీ వాహనాల వేగం పెరిగింది. రహదారి మెరుగైనంత మాత్రాన ప్రయాణికుని శరీరం గట్టిపడదు. కావున వేగానికి తగిన రక్షణ వాహనం లోపల ఉండవలసియున్నది.

2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్పురం వద్ద 44వ నంబరు జాతీయ రహదారిపై ఒక టెంపో వాహనం లారీని ఢీకొన్న దుర్ఘటనలో 14 మంది ప్రాణాలు కోల్పోయారు. మదనపల్లె నుండి అజ్మీరు దర్గాకు బయలుదేరిన కుటుంబాలవి. మృతులలో ఒక చిన్నారి కూడా ఉన్నది. కుటుంబం అంతా ఒకే వాహనంలో వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఎంత నష్టాన్ని మిగులుస్తుందో ఈ ప్రాంత ప్రజలకు వేరుగా చెప్పనవసరం లేదు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరుగగా 1,68,491 మంది మరణించారు. సీటు బెల్టు ధరించని కారణంగా మరణించినవారు 16,715 మంది. వీరిలో 8,384 మంది డ్రైవర్లు కాగా 8,331 మంది ప్రయాణికులు. అంటే బెల్టు లేక మరణించినవారిలో దాదాపు సగం మంది వాహనం నడుపుతున్నవారు కారు, పక్కననో వెనుకనో కూర్చున్నవారే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు వెనుక సీటులో ఉండి మరణించిన తరువాత వెనుక సీటు బెల్టుపై దేశవ్యాప్తంగా చర్చ జరిగిన సంగతి విదితమే.

తల్లి ఒడి ఎందుకు చాలదు

బిడ్డకు తల్లి ఒడిని మించిన రక్షణ లేదని నమ్మకం. ఇంటిలో అది నిజమే, వేగంగా వెళుతున్న కారులో మాత్రం నిజం కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో వెళుతున్న వాహనం సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయినచో లోపలి ప్రతి వస్తువుపై, ప్రతి మనిషిపై దాని బరువుకు సగటున 14 రెట్ల బలం పనిచేస్తుంది. పది కిలోల బిడ్డను పట్టుకున్న తల్లి చేతులు ఆ క్షణంలో 140 కిలోల బరువును ఆపవలసి వస్తుంది. ఎంతటి బలవంతునికైనా ఇది సాధ్యం కాదు. పైగా తల్లి బెల్టు ధరించనట్లయితే ఆమె శరీరపు బరువు బిడ్డపైనే పడుతుంది. ఒకే బెల్టును తల్లికి, బిడ్డకు కలిపి పెట్టుట మరింత ప్రమాదకరం.

శిశువు తల శరీరంలో దాదాపు నాలుగో వంతు పొడవు కలిగి ఉంటుంది. మెడ ఎముకలు, కండరాలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు ముఖం పెట్టి కూర్చున్న శిశువు తల ప్రమాద సమయంలో ఒక్కసారిగా ముందుకు విసరబడుతుంది. అదే శిశువు వాహనం వెనుక వైపునకు ముఖం పెట్టి ఉన్నచో తల, మెడ, వీపు మొత్తం సీటు వీపుభాగానికి ఆని ఆ బలం శరీరమంతటా పంచుకోబడుతుంది. స్వీడన్‌కు చెందిన ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960 దశకంలోనే, వ్యోమగాములు వీపుపై ఆని కూర్చునే పద్ధతి స్ఫూర్తిగా, ఈ సీటుకు రూపకల్పన చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల భద్రతా సీట్ల వినియోగం వలన శిశు మరణాలు 71 శాతం వరకు తగ్గించవచ్చును.

చట్టం ఏమి చెబుతున్నది

మోటారు వాహనాల చట్టం, 1988కు 2019లో చేసిన సవరణ ద్వారా 194-బి సెక్షన్ చేర్చబడి, 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం పద్నాలుగు సంవత్సరాలు నిండని బిడ్డను సీటు బెల్టు గాని, పిల్లల భద్రతా సీటు గాని లేకుండా తీసుకువెళ్లే వాహనదారునికి వేయి రూపాయల జరిమానా విధించబడుతుంది. వాహనం నడిపినవారే కాక, ఆ విధంగా నడపడానికి అనుమతించినవారు కూడా ఈ సెక్షన్ పరిధిలోకి వస్తారు.

ఇక్కడ ఒక అంశాన్ని గమనించవలసియున్నది. చట్టం "బెల్టు గాని, భద్రతా సీటు గాని" అంటున్నది. కాని పెద్దల కొలతకు తయారైన బెల్టు మూడేళ్ల బిడ్డకు భుజంపై కాక మెడపై, తొడలపై కాక పొట్టపై పడుతుంది. జరిమానా తప్పించుకోవడానికి అది చాలవచ్చునేమో గాని, ప్రాణం కాపాడడానికి చాలదు. కావున చట్టం కోరే కనీసాన్ని దాటి ఆలోచించడం తల్లిదండ్రుల బాధ్యత.

ద్విచక్ర వాహనాలకు సంబంధించి కూడా నిబంధనలు ఉన్నవి. నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ, హెల్మెట్ తప్పనిసరి చేస్తూ, వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లకు పరిమితం చేస్తూ 2022 ఫిబ్రవరి 15న కేంద్రం నోటిఫికేషన్ జారీ చేసింది. ఏడాది తరువాత అది అమలులోకి వచ్చింది. నలుగురు కలిసి ఒకే మోటారు సైకిల్‌పై వెళ్లే కుటుంబం కారు కొనాలని నిర్ణయించుకోవడం వెనుక పిల్లల భద్రతే ప్రధాన కారణమైనప్పుడు, ఆ కారులో ఆ పిల్లలకు సరియైన చోటు ఉన్నదో లేదో చూడడం మొదటి పని కావాలి.

వయస్సును బట్టి సీటు

భారతదేశంలో పిల్లల భద్రతా సీట్లకు ఏఐఎస్-072 ప్రమాణం వర్తిస్తుంది. ఇది ఐరోపాకు చెందిన ఆర్-44 ప్రమాణాన్ని అనుసరించి రూపొందినది. దీని ప్రకారం బిడ్డ బరువే సీటుకు కొలమానం.

* పుట్టినది మొదలు 13 కిలోల వరకు: వెనుకకు ముఖం ఉండే శిశు సీటు.
* 9 నుండి 18 కిలోల వరకు: సొంత పట్టీలు కలిగిన సీటు. వీలయినంత కాలం వెనుకకు ముఖంగానే ఉంచడం శ్రేయస్కరం.
* 15 నుండి 36 కిలోల వరకు: బూస్టర్ సీటు. ఇది బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టు భుజంపై, తొడలపై సరిగా పడేటట్లు చేస్తుంది.

దాదాపు 145 నుండి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చిన తరువాతనే బిడ్డకు కారు బెల్టు నేరుగా సరిపోతుంది. ఐరోపాలో 2013లో వచ్చిన ఆర్-129 అనే కొత్త ప్రమాణం బరువుకు బదులు ఎత్తును ఆధారంగా తీసుకుని, కనీసం 15 నెలల వరకు వెనుకకు ముఖంగానే ఉంచాలని నిర్దేశించింది.

దీనిని బట్టి ఎనిమిది నెలలు, మూడేళ్లు, ఏడేళ్లు వయస్సు గల ముగ్గురు పిల్లలున్న ఇంటికి మూడు వేర్వేరు రకాల సీట్లు అవసరమని తేలుతున్నది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండు సీట్లతో పాటు అవ్వ కూర్చునే చోటు కూడా చూడవలసి ఉంటుంది. కారు ఎంపిక ఈ లెక్కతోనే ప్రారంభం కావాలి.

వెనుక సీటు వెడల్పు లెక్క

అయిదుగురు కూర్చునే చిన్న కారులో వెనుక సీటు వినియోగానికి వచ్చే వెడల్పు సుమారు 125 నుండి 135 సెంటీమీటర్లు. పిల్లల సీటు ఒక్కొక్కటి సాధారణంగా 43 నుండి 48 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 45 సెంటీమీటర్ల సీట్లు మూడు పక్కపక్కన పెట్టాలంటే 135 సెంటీమీటర్లు కావాలి. తలుపుల వంపు, బెల్టు తాళాలకు చేయి పెట్టే సందు లెక్కించినచో ఇది చాలా చిన్న కార్లలో సాధ్యం కాదు. కాగితంపై అయిదు సీట్ల కారైనా, ముగ్గురు చిన్నపిల్లలున్న ఇంటికి అది నాలుగు సీట్ల కారే.

రెండు సీట్లు రెండు అంచులలో పెట్టినచో మధ్యలో సుమారు 35 నుండి 45 సెంటీమీటర్ల చోటు మాత్రమే మిగులుతుంది. పెద్దవారు అందులో ఇరుకుగా కూర్చోగలరేమో గాని కర్నూలు నుండి కడపకు సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం ఆ విధంగా చేయలేరు. చాలా ఇండ్లలో చివరకు జరిగేదేమనగా, అవ్వకు చోటు కోసం బిడ్డ సీటు ఇంటిలోనే వదిలివేయబడుతుంది. వెడల్పు చాలని కారు పిల్లల సీటును ఈ విధంగా నిరుపయోగం చేస్తుంది.

సీటును కారుకు బిగించే పద్ధతులు రెండు. మొదటిది కారు బెల్టుతో బిగించడం. రెండవది ఐసోఫిక్స్ పద్ధతి. కారు సీటు కుదురులో 28 సెంటీమీటర్ల ఎడంతో ఉండే రెండు ఇనుప కొక్కేలకు పిల్లల సీటు నేరుగా తగులుకుంటుంది. ముందుకు తూలకుండా వెనుక పైభాగాన మరొక పట్టీ గాని, కింద ఊత కాలు గాని ఉంటుంది. తప్పుగా బిగించే అవకాశం తక్కువ కావున ఐసోఫిక్స్ మేలైనది. అయితే ఎక్కువ కార్లలో ఈ కొక్కేలు వెనుక సీటు రెండు అంచులలో మాత్రమే ఉంటాయి. మూడవ సీటును బెల్టుతోనే బిగించవలసి వస్తుంది. పక్కపక్కన మూడు సీట్లు పెట్టేటప్పుడు ఐసోఫిక్స్ సీటు ఉన్నచోటు నుండి జరగదు గనుక, సన్నని సీట్లను బెల్టుతో బిగించుకోవడమే ఒక్కొక్కసారి వీలవుతుంది.

పాత కార్లలో వెనుక మధ్య సీటుకు నడుము పట్టీ మాత్రమే ఉంటుంది. బూస్టర్ సీటును నడుము పట్టీతో వాడరాదు. భుజం మీదుగా వచ్చే మూడు కొసల బెల్టు ఉన్నచోటనే దానిని వాడాలి.

శిశు సీటు వెనుకకు ముఖంగా పెట్టినప్పుడు ముందు సీటును ముందుకు జరపవలసి వస్తుంది. పొడగరి డ్రైవరుకు ఇది ఇబ్బంది. కావున శిశు సీటును డ్రైవరు వెనుక కాక ఎడమవైపు పెట్టడం అనుకూలం. మన దేశంలో ఎడమ తలుపు రోడ్డు అంచు వైపు తెరుచుకుంటుంది గనుక బిడ్డను ఎక్కించడం, దించడం కూడా క్షేమం. ముందు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న సీటులో వెనుకకు ముఖంగా ఉండే శిశు సీటును ఎట్టి పరిస్థితిలోనూ పెట్టరాదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే వేగం శిశువుకు ప్రాణాంతకం కాగలదు.

మూడు వరుసల వాహనాలు

ముగ్గురు పిల్లలు, లేదా ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు గల కుటుంబానికి మూడు వరుసల వాహనం సహజమైన పరిష్కారం. రాయలసీమకు ఇది కొత్త కాదు. గతంలో సుమో, క్వాలిస్ వాహనాలు, 2005 నుండి ఇన్నోవా, 2012 నుండి ఎర్టిగా ఈ అవసరాన్ని తీర్చాయి. నాలుగు మీటర్లలోపు పొడవుతో ఏడు సీట్లు కలిగిన ట్రైబర్ 2019లో విడుదలయింది. రాయలసీమలోనే, నేటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్దనున్న కియా కర్మాగారం నుండి 2022లో కారెన్స్ అనే మూడు వరుసల వాహనం వెలువడింది.

అయితే సీట్ల సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించుకోరాదు. ఈ కింది అంశాలను పరిశీలించాలి.

మొదటిది, మూడవ వరుసకు దారి. రెండవ వరుస సీటును మడిచి వెనుకకు వెళ్లే ఏర్పాటు ఉన్న వాహనంలో, ఆ సీటుపై పిల్లల సీటు బిగించిన తరువాత దానిని మడవడం వీలుపడదు. రెండవ వరుసలో విడివిడిగా రెండు సీట్లు ఉండి మధ్యన దారి ఉన్న వాహనమైతే పెద్దబిడ్డ నడిచి వెనుకకు వెళ్లగలడు. బెంచీ సీటు అయినచో ఒక పక్కను పిల్లల సీటు లేకుండా వదలవలసి ఉంటుంది.

రెండవది, మూడవ వరుసలో మూడు కొసల బెల్టులు ఉన్నవా, తల ఆనించుకునే దిమ్మ ఉన్నదా అన్న సంగతి. మూడవ వరుసలో ఐసోఫిక్స్ అరుదు. కావున చిన్నబిడ్డలను రెండవ వరుసలో, బూస్టర్ వయస్సు బిడ్డను మూడవ వరుసలో కూర్చోబెట్టేటట్లు ప్రణాళిక వేసుకోవాలి.

మూడవది, డిక్కీ. మూడవ వరుస వాడుకలో ఉన్నప్పుడు సామాను చోటు మిక్కిలి తగ్గుతుంది. నీళ్ల క్యాను, సద్దిమూట, బిందెలు, సంచులు సీట్ల మధ్య పెట్టినచో ప్రమాద సమయంలో అవే పిల్లలపైకి విసరబడతాయి. సామానును కట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి.

నాల్గవది, పక్కకు ముఖంగా ఉండే సీట్లు. బొలెరో, సుమో వంటి వాహనాల అనేక నమూనాలలో చివరి వరుస సీట్లు ఎదురెదురుగా, పక్కకు ముఖంగా ఉంటాయి. వాటిపై పిల్లల భద్రతా సీటు బిగించరాదు. పల్లెలలో పిల్లలను ఎక్కువగా కూర్చోబెట్టేది ఆ సీట్లలోనే కావడం విచారకరం. అటువంటి వాహనం కొన్నవారు పిల్లలను మధ్య వరుసలోనే కూర్చోబెట్టాలి.

ఎండ - మరచిపోరాని ప్రమాదం

వేసవిలో కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం పరిపాటి. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాలలోనే ఉష్ణోగ్రత పది డిగ్రీల వరకు పెరుగుతుంది. సీటు పట్టీల ఇనుప తాళాలు చర్మం కాలేటంత వేడెక్కుతాయి. బిడ్డను కూర్చోబెట్టే ముందు తాళాన్ని చేతితో తాకి చూడడం, నిలిపిన సమయంలో సీటుపై తెల్లని గుడ్డ కప్పడం మంచిది. మూడు వరుసల వాహనంలో వెనుక వరుసలకు ఏసీ గాలి అందే రంధ్రాలు ఉన్నవో లేవో కొనే ముందే చూడాలి. ఉక్కపోతకు ఏడ్చే బిడ్డను ఊరడించడానికి పట్టీలు విప్పి ఒడిలోకి తీసుకోవడం సహజంగా జరిగే పొరపాటు. కావున చల్లదనం కూడా భద్రతలో భాగమే.

పిల్లలను ఒంటరిగా కారులో వదలరాదు. కారు ఇంటి ముందు నిలిపి ఉన్నప్పుడు కూడా తలుపులు తాళం వేసి, తాళం చెవి పిల్లలకు అందకుండా ఉంచాలి. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడి గ్రామంలో ఆడుకుంటూ నిలిపి ఉన్న కారులోకి వెళ్లిన నలుగురు చిన్నారులు తలుపులు మూసుకుపోయి ఊపిరాడక మరణించిన విషాదం రాష్ట్ర ప్రజలను కలచివేసింది.

పాత కారు, బయటి నుండి తెచ్చిన సీటు

ఈ ప్రాంతంలో అనేక కుటుంబాలు బెంగళూరు, హైదరాబాద్ నుండి పాత కార్లు కొనుగోలు చేస్తున్నాయి. ఇంజను, టైర్లతో పాటు వెనుక బెల్టులను కూడా పరీక్షించాలి. బెల్టును పూర్తిగా బయటికి లాగి చిరుగులు లేవని, ఒక్కసారిగా గుంజినప్పుడు పట్టుకుంటున్నదని, తాళం గట్టిగా పడుతున్నదని చూడాలి. అదనంగా వేసిన సీటు కవర్ల కింద బెల్టు తాళాలు, ఐసోఫిక్స్ కొక్కేలు కప్పబడి ఉండడం ఎక్కువగా కనిపించే లోపం. కవరు తీయించి చూసిన తరువాతనే బేరం కుదుర్చుకోవాలి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్న కారులో సామాను చోటు పోతుందన్న సంగతి మరువరాదు.

రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు, అమెరికాలో స్థిరపడినవారు స్వగ్రామానికి వచ్చేటప్పుడు పిల్లల సీట్లు వెంట తెస్తున్నారు. ఇది మంచి అలవాటే. అయితే అమెరికా సీట్లు అక్కడి ప్రమాణాలకు తయారైనవి. వాటిని బెల్టుతో బిగించినప్పుడు బెల్టు సడలకుండా పట్టి ఉంచే ఏర్పాటు అక్కడి కార్ల బెల్టులలో ఉంటుంది. ఇక్కడి అనేక కార్లలో అది ఉండదు. కావున బిగించిన తరువాత సీటును మొదలు వద్ద పట్టి ఊపి చూడాలి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదిలినచో ఆ బిగింపు పనికిరాదు. ప్రమాదానికి గురైన కారులోని సీటును, తయారీదారు సూచించిన గడువు దాటిన సీటును చుట్టాల నుండి ఉచితంగా వచ్చినా వాడరాదు.

భద్రతా నక్షత్రాలు, పన్ను

దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షా విధానం 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో పాల్గొనడం తయారీదారుల ఇష్టానికి వదిలివేయబడింది. పెద్దల రక్షణకు 32 పాయింట్లు, పిల్లల రక్షణకు 49 పాయింట్లు కేటాయించి, రెండింటికీ వేర్వేరుగా నక్షత్రాలు ఇస్తారు. పిల్లల విభాగంలో ఢీకొట్టించే పరీక్షకు 24, సీట్లు సరిగా అమరుతున్నవా అన్న పరిశీలనకు 12, వాహనంలోని ఏర్పాట్లకు 13 పాయింట్లు ఉంటాయి. పదునెనిమిది నెలల, మూడేళ్ల పిల్లల పరిమాణంలో ఉన్న బొమ్మలను పరీక్షలో వాడతారు. ప్రకటనలలో సాధారణంగా పెద్ద అక్షరాలతో కనిపించేది పెద్దల నక్షత్రాలే. కుటుంబాలు చూడవలసినది పిల్లల నక్షత్రాలను, ప్రత్యేకించి సీట్ల అమరికకు వచ్చిన పాయింట్లను. ఒకే కారుకు ఈ రెండు విభాగాలలో వేర్వేరు ఫలితాలు రావచ్చును.

2025 సెప్టెంబరు 22 నుండి అమలులోకి వచ్చిన జీఎస్టీ మార్పుల ప్రకారం నాలుగు మీటర్లలోపు పొడవు ఉండి, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిలు ఇంజను గల కార్లకు 18 శాతం, అంతకంటే పెద్ద కార్లకు 40 శాతం పన్ను నిర్ణయించబడింది. మూడు వరుసల వాహనాలు ఎక్కువగా రెండవ కోవలోకి వస్తాయి. కావున ధర భారమనుకునే కుటుంబం, సంవత్సరంలో ఎన్ని రోజులు ఏడుగురు కలిసి ప్రయాణిస్తారో లెక్కించుకోవడం సమంజసం. ప్రతి దినం ఇద్దరు పిల్లలను పాఠశాలకు దింపడమే ప్రధాన అవసరమైతే, రెండు ఐసోఫిక్స్ సీట్లు చక్కగా పట్టే చిన్న కారు కొని, మిగిలిన ధనంతో నాణ్యమైన పిల్లల సీట్లు కొనడం, పెద్ద ప్రయాణాలకు అద్దె వాహనం తీసుకోవడం ఉత్తమ మార్గం కాగలదు. పెద్ద కారు కొని సీట్లకు డబ్బు చాలక పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోవడం వలన ప్రయోజనం శూన్యం.

షోరూంలో చేయవలసిన పరీక్ష

డబ్బు చెల్లించక మునుపే కుటుంబమంతా, ఇంటిలోని పిల్లల సీట్లతో సహా షోరూంకు వెళ్లడం అవసరం. అక్కడ ఈ కింది క్రమాన్ని పాటించవచ్చును.

1. అన్ని సీట్లను ఒకేసారి బిగించి చూడాలి. ఒక్కొక్కటిగా చూసినచో ఇరుకు తెలియదు.
2. బూస్టర్‌పై కూర్చున్న బిడ్డ తనంతట తాను బెల్టు తాళం వేసుకోగలుగుతున్నదో లేదో చూడాలి.
3. శిశు సీటు బిగించిన తరువాత ముందు సీటులో పెద్దవారు సౌకర్యంగా కూర్చోగలరా అని పరీక్షించాలి.
4. అన్ని సీట్లు ఉండగా అవ్వాతాతలు ఎక్కి దిగి చూడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మూడవ వరుస తగదు.
5. సీట్లన్నీ నిండిన తరువాత డిక్కీలో ఎంత సామాను పడుతుందో చూడాలి.
6. బెల్టు పొడవు శిశు సీటు చుట్టూ తిరిగి తాళం వరకు చేరుతున్నదో లేదో గమనించాలి. కొన్ని కార్లలో వెనుక బెల్టు పొడవు చాలదు.
7. వెనుక తలుపులకు పిల్లలు లోపలి నుండి తెరవకుండా చేసే తాళం పనిచేస్తున్నదో లేదో చూడాలి.

ఈ పరీక్షకు ఒక గంట సమయం పడుతుంది. పది సంవత్సరాలు వాడే వాహనానికి ఒక గంట ఎక్కువ కాదు.

అధికారులు, పాత్రికేయులు గమనించదగినవి

కారు ఎంత మంచిదైనా వాడుక అలవాటు కానిదే ఫలితం ఉండదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చేవారికి 194-బి సెక్షన్ గురించి వివరించుటకు, వాహన తనిఖీలలో జరిమానాతో పాటు సీటు బిగించే విధానాన్ని చూపించుటకు రవాణా, పోలీసు సిబ్బందికి అవకాశం ఉన్నది. ప్రసవానంతరం ఆసుపత్రి నుండి ఇంటికి చేరే ప్రయాణమే బిడ్డ జీవితంలో తొలి వాహన ప్రయాణం. కావున గర్భిణీ స్త్రీలకు ఇచ్చే సలహాలలో శిశు సీటు ప్రస్తావన ఉండడం సముచితం.

ప్రమాద వార్తలలో వేగం, నిద్రమత్తు, రహదారి మలుపు వంటి కారణాలు ప్రస్తావనకు వస్తున్నవి. లోపలివారు బెల్టు ధరించినదీ లేనిదీ, పిల్లలు ఏ సీటులో, ఏ విధంగా కూర్చున్నదీ కూడా నిర్ధారించుకుని రాసినచో పాఠకులకు ప్రమాద కారణంతో పాటు మరణ కారణం కూడా తెలుస్తుంది. ప్రమాదం జరగడం, ప్రాణం పోవడం రెండూ ఒకటి కావు. రెండింటి మధ్యనున్న అంతరమే పిల్లల సీటు.

నల్లమల ఘాట్ రోడ్డులోనైనా, గువ్వలచెరువు మలుపులలోనైనా బిడ్డ ఏడ్చినప్పుడు పాలు పట్టవలసి వస్తే వాహనాన్ని సురక్షితమైన చోట ఆపి, పట్టిన తరువాత తిరిగి సీటులో కూర్చోబెట్టి బయలుదేరడం అయిదు పది నిమిషాల పని. ఊరికి అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరినా, ఇంటి నుండి ఎందరు బయలుదేరారో అందరూ చేరడమే ముఖ్యం. కారు కొనే రోజున పిల్లలను లెక్కించి, వారికి తగిన సీట్లను లెక్కించి, ఆ తరువాతనే వాహనాన్ని ఎంచుకొనుట ప్రతి తల్లికీ తండ్రికీ కర్తవ్యం.